ఫ్లాషును కెమెరా మీద నుంచి దించు, ట్యాంకు మీద పెట్టు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది మిర్యాలగూడ. డిగ్రీ అయిపోయాక ఇంట్లోనే గప్పీలు, ఫైటర్లు అనే రంగు చేపలు పెంచి అమ్ముతున్నాను. వాట్సాప్ స్టేటస్‌లో ఫొటో పెడితేనే బేరం వస్తుంది. మా బావ స్టూడియోలో వాడి పక్కన పెట్టిన డీఎస్‌ఎల్‌ఆర్, 18-55 లెన్సు, ఒక ఫ్లాష్ గన్ నా దగ్గరున్నాయి. ఫ్లాష్ కొడితే అద్దం మీద తెల్లటి మచ్చ పడుతోంది. పవర్ తగ్గించినా పోవడం లేదు. అసలు కొట్టకపోతే చేప మసకగా వస్తోంది. నీలం ఫైటర్ నల్లగా, ఎర్ర ఫైటర్ ఎర్రటి ముద్దలా పడుతున్నాయి. మొన్న నకిరేకల్ నుంచి ఒకాయన బైక్ మీద వచ్చి, చేపను చూసి, "ఫొటోలో రంగు ఒకటి, ఇక్కడ రంగు ఒకటి" అని తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. చాలా బాధనిపించింది. పైగా ఫ్లాష్ కొడితే చేపల కళ్ళు పోతాయని మా అమ్మ రోజూ గొడవ. అది నిజమేనా? నేనేం మార్చుకోవాలి?

జవాబు:

తమ్ముడూ, నువ్వు పంపిన మూడు ఫొటోలు చూశాను. మూడింట్లోనూ తప్పు ఒక్కటే. వెలుగు చాలకపోవడం కాదు, అది వస్తున్న దారి బాగాలేదు. ఫ్లాష్ గన్ కెమెరా నెత్తిన ఉంది, కెమెరా అద్దానికి ఎదురుగా ఉంది. ఫ్లాష్ నుంచి బయల్దేరిన వెలుగు అద్దానికి తగిలి మళ్ళీ లెన్సులోకే వచ్చింది. రాత్రిపూట బస్సు కిటికీలోంచి బయటికి చూస్తే ఊరు కనిపించదు, లోపలి లైటు, మన మొహం కనిపిస్తాయి కదా, ఇదీ అంతే. పవర్ తగ్గిస్తే మచ్చతో పాటు చేప మీద పడే వెలుగు కూడా తగ్గుతుంది. అందుకే నీకు ఎంత తగ్గించినా ఫలితం కనిపించలేదు.

ముందు ఆ ఫ్లాషును కెమెరా మీద నుంచి తీసెయ్యి. తీసి ట్యాంకు పైన పెట్టు, మొహం కిందికి ఉండేటట్టు. వెలుగు పైనుంచి నీళ్ళలోకి దిగుతుంది, చేపను తాకుతుంది, చేప మీద నుంచి అద్దం గుండా నీ లెన్సుకు వస్తుంది. ముందు అద్దానికి ఫ్లాష్ వెలుగు ఎదురుగా తగలదు కాబట్టి మచ్చ పడే అవకాశమే ఉండదు. చెరువులోనైనా వాగులోనైనా చేపకు వెలుగు వచ్చేది ఆకాశం నుంచే. దాని వీపు ముదురుగా, పొట్ట తెల్లగా ఉండటం కూడా ఆ పై వెలుగుకు తగ్గట్టే. ఎదురుగా ఫ్లాష్ కొట్టినప్పుడు చేప చదునుగా, అట్టముక్కలా కనిపించేది అందుకే. పైనుంచి వెలుగు పడగానే దానికి ఒళ్ళు వస్తుంది, పొలుసు పొలుసుకూ సన్నటి నీడ వస్తుంది.

నీటి అడుగున చేపను రంగుల్లో తొలిసారి ఫొటో తీసినప్పుడు కూడా వెలుగు పైనుంచే ఇచ్చారు. 1926లో ఫ్లోరిడా తీరంలో లాంగ్లీ అనే శాస్త్రవేత్త, మార్టిన్ అనే ఫొటోగ్రాఫర్ కలిసి ఆ పని చేశారు. కెమెరా నీళ్ళలో ఉంది, మెగ్నీషియం పొడి మాత్రం నీటి మీద తేలే తెప్పలో ఉంది. ఆ పొడి భగ్గున మండితే పడిన వెలుగులో చేప బొమ్మ దక్కింది. ఆ ఫొటోలు 1927 జనవరిలో నేషనల్ జియోగ్రాఫిక్‌లో వచ్చాయి. ఇప్పుడు నీ చేతిలో ఉన్న ఫ్లాష్ గన్ అంతకంటే వంద రెట్లు సుఖం.

వెలుగు దారి అంటే ఏమిటో కళ్ళారా చూడాలంటే ఈసారి నల్లగొండ వచ్చినప్పుడు పానగల్లు వెళ్ళి ఛాయా సోమేశ్వరాలయంలో ఒక గంట కూర్చో. గర్భగుడిలో లింగం వెనక స్తంభంలాంటి నీడ ఒకటి ఉంటుంది. బయట సూర్యుడు తూర్పు నుంచి పడమరకు తిరిగినా ఆ నీడ పగలంతా అక్కడే ఉంటుంది. ఎండ నేరుగా లోపలికి రాదు. బయట చెదిరిన వెలుగు మండపం స్తంభాల సందుల్లోంచి వస్తుంది. సూర్యుడు ఎటు పోయినా ఆ సందులు కదలవు కాబట్టి నీడ కూడా కదలదు. మన లెక్కన సూర్యుడు ఫ్లాష్ అనుకుంటే, ఆ సందులు సాఫ్ట్‌బాక్స్, అంటే స్టూడియోలో లైటును మెత్తబరచడానికి దాని ముందు తగిలించే తెల్లగుడ్డ పెట్టె. ఫొటోలో నీడ ఎక్కడ పడాలో నిర్ణయించేది లైటు ఎంత పెద్దదన్నది కాదు, చివరికి అది ఏ కంతలోంచి లోపలికి వచ్చిందన్నది. నేను పెళ్ళి ఫొటోల్లో ఏళ్ళ తరబడి నేర్చుకున్న సంగతి ఆ గుడిలో ఒక్క పూటలో అర్థమైంది.

ఇక పనిలోకి వద్దాం. పెద్ద ట్యాంకులో ఫైటర్ ఫొటో తీయడం కష్టం. అది వెనక్కి పోతుంది, మొక్కల్లో దూరుతుంది, అద్దానికి దూరమయ్యే కొద్దీ నీళ్ళ మసక పెరుగుతుంది. ఫొటోల కోసమే ఒక చిన్న పెట్టె చేయించుకో. ఫొటో ఫ్రేములు కట్టే దుకాణంలో అద్దం ముక్కలు కోసిస్తారు. పొడవు 8 అంగుళాలు, ఎత్తు 6, వెడల్పు 3 ఉంటే చాలు. అక్వేరియానికి వాడే సిలికాన్‌తోనే అతికించు. బాత్రూంలకు వాడే వాటిలో బూజు పట్టకుండా మందు కలిపినవి ఉంటాయి, అవి చేపలకు మంచివి కావు. అతికించాక బాగా ఆరనిచ్చి, రెండు మూడుసార్లు నీళ్ళు పోసి పారబోసి, అప్పుడు వాడు. వెడల్పు తక్కువ కాబట్టి చేప ముందుకీ వెనక్కీ పోలేదు, ఎప్పుడూ అద్దానికి సమానంగానే ఈదుతుంది. అది ఇల్లు కాదు, ఫొటో దిగేంత సేపు కూర్చునే కుర్చీ. పదిహేను నిమిషాలకు మించి ఏ చేపనూ అందులో ఉంచకు.

పెట్టెలో పోసేది దాని ట్యాంకు నీళ్ళే కావాలి. ముందు రోజు రాత్రే తీసి, శుభ్రమైన తెల్లబట్టలో వడగట్టి పోసిపెట్టుకో. తాజాగా పట్టిన బోరు నీళ్ళో నల్లా నీళ్ళో పోస్తే గది వేడికి అందులోని గాలి బయటికి వచ్చి అద్దానికి లోపలి వైపు ఆవగింజలంత బుడగలు అంటుకుంటాయి. కంటికి అంతగా ఆనవు కానీ ఫ్లాష్ పడగానే ఒక్కొక్కటీ ముత్యంలా మెరిసి ఫొటోను పాడుచేస్తాయి. నల్లా నీళ్ళయితే క్లోరిన్ సంగతి కూడా ఉంది, అది నీకు నేను చెప్పక్కర్లేదు.

ఫ్లాషును పెట్టె మీద ఎలా పెట్టాలన్నది జాగ్రత్తగా విను. పెట్టె మీద ఒక అద్దం ముక్క మూతలా పెట్టు. దాని మీద తెల్ల బటర్ పేపర్ ఒక మడత. ఫ్లాష్ తల ఆ కాగితానికి నాలుగైదు అంగుళాల ఎత్తున, కిందికి చూస్తూ, నడిమధ్యన కాకుండా కాస్త ముందు అద్దం వైపుకు జరిగి ఉండాలి. నడిమధ్యన ఉంటే చేప వీపు మాత్రమే వెలుగుతుంది, నీవైపు ఉన్న పక్క చీకటిగా ఉంటుంది. రెండు వేళ్ళంత ముందుకు జరిపితే పక్కంతా వెలుగొస్తుంది. ఫ్లాష్ తలకు ట్రైపాడ్ గానీ, రెండువైపులా నాలుగేసి పుస్తకాలు పేర్చి మధ్యలో చెక్క పట్టీ గానీ ఆధారం చెయ్యి. ఏదైనా సరే తాడుతో కట్టెయ్యి. ఫ్లాష్ గన్ లోపలి కెపాసిటర్‌లో దాదాపు 300 వోల్టులు ఉంటాయి, బ్యాటరీలు తీసేసినా కాసేపు నిలిచే ఉంటాయి. అది నీళ్ళలో పడితే చేపకూ నీకూ ఇద్దరికీ ప్రమాదమే. మూత అద్దం లేకుండా నీళ్ళ మీద ఫ్లాష్ వేలాడదీయొద్దు. ఫైటర్ ఎగిరి దూకకుండా కూడా ఆ మూతే కాపాడుతుంది.

కెమెరాకు, ఫ్లాష్‌కు మధ్య వైరు గానీ, వైరు లేకుండా ఫ్లాషును వెలిగించే ట్రిగ్గర్ గానీ కావాలి. మీ బావ స్టూడియోలో ట్రిగ్గర్ల జత తప్పకుండా ఉంటుంది, అడిగి తెచ్చుకో. కొత్తది కొనాల్సిన పనిలేదు.

పెట్టె కింద తెల్ల థర్మాకోల్ ముక్క పెట్టు. పైనుంచి దిగిన వెలుగు దాని మీద పడి తిరిగి పైకి లేచి చేప పొట్టను, కింది రెక్కలను వెలిగిస్తుంది. ఫైటర్‌కు అందమంతా కింది రెక్కల్లోనే కదా. వెనకవైపు మాత్రం నల్ల చార్టు, అద్దానికి అంటించకుండా జానెడు దూరంలో. అంటిస్తే దాని మీద కూడా వెలుగు పడి బూడిద రంగులో కనిపిస్తుంది. దూరం జరిపితే కటిక నలుపు వస్తుంది.

కెమెరా అద్దానికి తిన్నగా, ఎదురెదురుగా ఉండాలి. నిన్న మొన్నటి వరకూ మచ్చ తప్పించుకోవడానికి పక్కనుంచి తీసి ఉంటావు. నీ రెండో ఫొటోలో చేప అంచుల వెంబడి నీలం, ఎరుపు గీతలు కనిపిస్తున్నాయి, చూశావా? అది లెన్సు తప్పు కాదు. నీటికీ గాలికీ మధ్య వెలుగు వంగుతుంది. వాలుగా చూసినప్పుడు ఒక్కో రంగు ఒక్కో కోణంలో వంగి చేప అంచులు చెదిరిపోతాయి. ఎదురుగా నిలబడితే ఆ బాధ ఉండదు. ఫ్లాష్ ఎలాగూ పైకి పోయింది కాబట్టి ఇప్పుడు నువ్వు ఎదురుగా నిలబడొచ్చు. గదిలో నీ వెనకున్న ట్యూబులైటు ఆర్పెయ్యి, తెల్ల చొక్కా వేసుకోకు. ఇంకో నల్ల చార్టుకు లెన్సు పట్టేంత కంత కోసి అందులోంచి తీస్తే నీ ప్రతిబింబం కూడా పడదు. పోలరైజర్ ఫిల్టర్ కొనమని ఎవరైనా చెబితే కొనకు. అది వాలుగా పడే ప్రతిబింబాలనే తగ్గిస్తుంది. ఎదురుగా నిలబడినప్పుడు దానితో ఏ ఉపయోగమూ లేదు, పైగా ఉన్న వెలుగులో సగానికి పైగా తినేస్తుంది.

సెట్టింగులు ఎక్కువ లేవు. కెమెరా మాన్యువల్ మోడ్‌లో పెట్టి, షట్టర్ 1/200, అపెర్చర్ ఎఫ్ 11, ఐఎస్ఓ 200. లెన్సు 55 దగ్గర. ఫ్లాష్ కూడా మాన్యువల్‌లోనే, పవర్ 1/16తో మొదలుపెట్టు. ఫొటో ముదురుగా వస్తే ఫ్లాషును కాస్త కిందికి దించు లేదా 1/8 చెయ్యి, తెల్లబోతే 1/32. ఫ్లాష్ పవర్‌ను కెమెరానే నిర్ణయించే టీటీఎల్ మోడ్ మాత్రం వద్దు. వెనకాల నల్ల చార్టు చూసి అది చీకటి అనుకుని వెలుగు పెంచుతుంది, వెండి పొలుసు మెరవగానే తగ్గిస్తుంది, ఏ రెండు ఫొటోలూ ఒకేలా రావు. రెడ్ ఐ తగ్గించే సెట్టింగ్ ఉంటే ఆపెయ్యి, అది అసలు ఫ్లాష్ కంటే ముందు ఇంకో మెరుపు వేసి చేపను బెదరగొడుతుంది.

"1/200కి చేప కదిలినట్టు రాదా" అని నీకు అనుమానం రావచ్చు. ఇక్కడ కదలికను ఆపేది షట్టర్ కాదు, ఫ్లాషే. ఈ సెట్టింగుల్లో గది లైటు ఫొటోలో దాదాపు పడనే పడదు. ఫ్లాష్ వెలిగిన క్షణం మాత్రమే నమోదవుతుంది. ఫుల్ పవర్‌లో ఆ క్షణం కాస్త ఎక్కువ సేపుంటుంది. 1/16, 1/32కి దించితే సెకనులో పదివేలో వంతు దరిదాపులకు వస్తుంది. గప్పీ తోక ఎంత కొట్టుకున్నా ఆ వ్యవధిలో కదల్లేదు. అందుకే తక్కువ పవర్, దగ్గరి ఫ్లాష్. దూరం సగం చేస్తే వెలుగు నాలుగింతలవుతుంది, ఆ లెక్క నీకు అనుకూలంగా వాడుకో. షట్టర్ 1/500, 1/1000 అని పెంచకు. చాలా కెమెరాల్లో ఫొటోలో సగం నల్లటి పట్టీ పడుతుంది.

ఫోకస్ కంటి మీద. చేప వెంట కెమెరాను తిప్పుతూ పరుగెత్తొద్దు. ఆటో ఫోకస్ అద్దం మీది గీతను పట్టుకుంటుంది. పెట్టె మధ్యలో ఒక పుల్ల ముంచి దాని మీద చేత్తో ఫోకస్ చేసి, పుల్ల తీసెయ్యి. ఇక లెన్సు ముట్టుకోకుండా చేప ఆ చోటుకు వచ్చేదాకా ఆగు.

మొన్న ఈ జవాబు రాయడానికి ముందు ఇంటి దగ్గర నేనే ఒకసారి చేసి చూశాను, నీకు చెప్పేది పనిచేస్తుందో లేదో అని. ఎర్ర తోక, నీలం ఒళ్ళు ఉన్న ఫైటర్. పెట్టెలో వేయగానే మూలకు పోయి రెక్కలు ముడుచుకుని నిలబడింది. ఐదు నిమిషాలు వదిలేశాను. మొప్పలు నెమ్మదిగా కదులుతున్నాయి, పక్క రెక్కలు మాత్రం సన్నటి విసనకర్రల్లా ఆగకుండా ఊగుతున్నాయి. తర్వాత పెట్టె పక్క గోడ దగ్గర జేబులో పట్టే, మొహం చూసుకునే చిన్న అద్దం చూపించాను. చూసీ చూడగానే మొప్పల మూతలు రెండూ విచ్చుకున్నాయి, వాటి కింద ముదురు పొర గడ్డంలా బయటికి వచ్చింది, తోక ఒక్కసారిగా తామరాకులా పరుచుకుంది. తోకలో ముళ్ళు చీలి చీలి పోయే చోట ఎరుపు ముదురు, ముళ్ళ మధ్య పొరలో పలుచన. రెండు నిమిషాల్లో పన్నెండు ఫొటోలు తీసి అద్దం పక్కన పెట్టేశాను. అంతకు మించి చూపించకు. అద్దంలోది శత్రువనే అది నమ్ముతుంది, అలసిపోయేదాకా కొట్లాడుతుంది. రోజుకు ఒక్కసారి, రెండు నిమిషాలు, అంతే.

ఇప్పుడు రంగు సంగతి. ఇది నీ వ్యాపారానికి ప్రాణం కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను. మీ ఇంట్లో ఎవరి దగ్గరైనా గద్వాల చీరో నారాయణపేట చీరో నెమలికంఠం రంగులో ఉంటే తీసి చూడు. కొంగు ఇటు తిప్పితే నీలం, అటు తిప్పితే ఆకుపచ్చ. అక్కడ పడుగు ఒక రంగు, పేక ఒక రంగు కాబట్టి అలా కనిపిస్తుంది. ఫైటర్ ఒంటి మీది నీలం కూడా అలాగే చూసే కోణాన్ని బట్టి మారుతుంది, కానీ కారణం వేరు. ఆ నీలం అసలు పూసిన రంగు కాదు. చర్మంలోని కొన్ని కణాల్లో గ్వానిన్ అనే పదార్థం అతి సన్నని పలకలుగా దొంతర్లు పేర్చి ఉంటుంది. వెలుగు ఆ పలకల మీద పడి తిరిగొచ్చేటప్పుడు నీలం మాత్రమే బలపడి మనకు చేరుతుంది. వెలుగు సరైన కోణంలో పడకపోతే ఆ నీలం లేనే లేదు, దాని కింద ఉన్న నల్ల రంగే కనిపిస్తుంది. నీ నీలం ఫైటర్ నల్లగా పడింది అందుకే. నియాన్ టెట్రా పక్కన మెరిసే గీత కూడా ఇలాంటిదే. ఫ్లాషును ముందుకు, వెనక్కి అంగుళం అంగుళం జరుపుతూ పది ఫొటోలు తీసి పక్కపక్కన పెట్టి చూడు. ఏదో ఒక చోట ఒళ్ళంతా నీలం లేస్తుంది. ఆ చోటు దొరకగానే పెన్సిల్‌తో గుర్తు పెట్టుకో.

ఎరుపు అలా కాదు, అది నిజంగానే చర్మంలో ఉన్న రంగు, ఏ వైపు నుంచి వెలుగు పడినా ఎర్రగానే ఉంటుంది. దానితో వచ్చే చిక్కు వేరే. ఎరుపు ఎక్కువున్న చోట కెమెరా ఆ రంగును పట్టే హద్దు తొందరగా దాటిపోతుంది, ముళ్ళు, పొలుసులు అన్నీ కలిసి ఒకే ముద్ద అవుతాయి. నువ్వు పంపిన మూడో ఫొటోలో జరిగింది ఇదే. ఎర్ర ఫైటర్‌కు ఫ్లాష్ పవర్ నీలం దానికంటే ఒక మెట్టు తగ్గించు. కెమెరాలో రంగులు గాఢం చేసే వివిడ్ మోడ్ ఉంటే తీసేసి స్టాండర్డ్ లేదా న్యూట్రల్ పెట్టు. కెమెరా తన మార్పులేవీ చేయకుండా దాచే రా ఫైలు తీసుకుంటే ఇంకా మంచిది.

ట్యాంకు పైన ఉండే నీలం ఎల్‌ఈడీ లైటు వెలిగి ఉండగా ఫోన్‌తో తీస్తే గప్పీలన్నీ వంకాయ రంగులోకి పోతాయి. నకిరేకల్ ఆయన చూసిన ఫొటో బహుశా అలా తీసిందే. వైట్ బ్యాలెన్స్, అంటే తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులు సర్దడం, సరిచేయడానికి ఒక తెల్ల ప్లాస్టిక్ స్పూన్ చేప తిరిగే చోట నీళ్ళలో ముంచి ఒక ఫొటో తియ్యి. మామూలు అద్దంలో ఇనుము వల్ల సన్నటి ఆకుపచ్చ ఛాయ ఉంటుంది, మందపాటి అద్దంలో మరీ ఎక్కువ. తర్వాత ఎడిటింగ్‌లో ఆ స్పూన్‌ను తెల్లగా చేస్తే చేప రంగు కూడా దానంతటదే అసలు రంగుకు వస్తుంది. అక్కడితో ఆపు. రంగుల గాఢత పెంచే శాచురేషన్ గీతను ముట్టుకోకు. నీ దగ్గరికి ముప్పై నలభై కిలోమీటర్లు బండి నడుపుకుంటూ వచ్చేవాడు ఆ ఫొటోను నమ్మి వస్తున్నాడు. నీలం కోణాన్ని బట్టి మారుతుంది కాబట్టి అలాంటి చేపకు రెండు ఫొటోలు పెట్టు, ఒకటి ఫ్లాష్‌తో, ఒకటి కిటికీ వెలుగులో. కొనేవాళ్ళకు ముందే తెలుస్తుంది.

నీళ్ళ మరకల గురించి నువ్వు అడగలేదు, కానీ నీ మొదటి ఫొటోలో అవి స్పష్టంగా కనిపిస్తున్నాయి. మన జిల్లా నీళ్ళంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. ఫొటోకు అడ్డొచ్చేది మాత్రం బోరు నీళ్ళలోని సున్నం. నీళ్ళు ఆవిరై దిగిన కొద్దీ అద్దం మీద తెల్లటి చారలు కడతాయి. మామూలు వెలుగులో వాటిని పట్టించుకోం. పైనుంచి ఫ్లాష్ పడగానే ఆ చారలు ముగ్గు గీతల్లా తెల్లగా లేస్తాయి. నీటి మట్టం నాలుగు వేళ్ళు దించి, నిమ్మచెక్కతో గానీ వెనిగర్ తడిపిన గుడ్డతో గానీ గీతను రుద్ది, వేరే తడి గుడ్డతో రెండుసార్లు తుడువు. ఆ పులుపు చుక్క కూడా నీళ్ళలో పడొద్దు. లోపలి నాచుకు పాత ఏటీఎం కార్డు అంచు చాలు. స్టీలు పీచు వాడావంటే అద్దం మీద పడే గీతలు ఇక పోవు. ఫొటో పెట్టెను మాత్రం వాడిన ప్రతిసారీ నీళ్ళు పారబోసి వెంటనే తుడిచి బోర్లించు, మరక కట్టే సమయమే ఇవ్వకు.

ఫోన్‌తోనే తీయాల్సి వస్తే ఫ్లాష్ పూర్తిగా ఆపెయ్యి. లెన్సు పక్కనే ఉంటుంది కాబట్టి దానితో మచ్చ తప్పదు. ఉదయం ఎనిమిది తొమ్మిది గంటలకు కిటికీ పక్కన, ఎండ నేరుగా తగలని చోట పెట్టెను పెట్టి, తెరమీద చేప కంటి దగ్గర వేలు నొక్కి పట్టి ఫోకస్ లాక్ చేసి, వరుసగా పది ఫొటోలు కొట్టు. ఎల్‌ఈడీ బల్బు కింద ఫోన్‌లో అడ్డంగా నల్లటి చారలు కదులుతుంటే అది మన 50 హెర్ట్జ్ కరెంటు వల్ల. బల్బు సెకనుకు వందసార్లు మినుకుతుంది. ప్రో మోడ్‌లో షట్టర్ 1/100 పెడితే చారలు పోతాయి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం కిటికీ దగ్గర పెట్టెను ఎక్కువసేపు వదలకు. మన ఎండలకు ఆ కాసిని నీళ్ళు తొందరగా వేడెక్కుతాయి.

చివరగా అమ్మ మాట. దాన్ని కొట్టిపారేయకు, అందులో సగం నిజం ఉంది. 2019లో సైంటిఫిక్ రిపోర్ట్స్ పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. సీహార్సుల మీద, అలాంటి మరికొన్ని సముద్రపు చేపల మీద చేసింది. సీహార్సులకు ఫ్లాష్ వల్ల కంటి పొర దెబ్బతిన్నట్టు కనపడలేదు. ఫొటో కోసం చేపలను చేత్తో కదపడం, ముట్టుకోవడమే వాటిని ఎక్కువగా బెదరగొట్టింది. అవి నీ గప్పీలు, ఫైటర్లు కావు, కానీ ఫ్లాష్ కొట్టగానే కళ్ళు పోతాయన్న భయం అక్కర్లేదని చెప్పడానికి అది చాలు.

ఇక ఆ మిగతా సగం నాకు అనుభవం మీద తెలిసింది. చాలా ఏళ్ళ క్రితం మహబూబ్‌నగర్‌లో ఒక ఇంట్లో నిశ్చితార్థం ఫొటోలు తీయడానికి వెళ్ళాను. హాల్లో పెద్ద ట్యాంకు, అందులో నాలుగు ఏంజెల్ చేపలు. ఇంటాయన వాటిని కూడా తీయమన్నాడు. ప్రతిబింబాలు పడకూడదని గది లైట్లు, ట్యాంకు లైటు అన్నీ ఆర్పించి, ఫుల్ పవర్‌లో వరసగా కొట్టాను. మూడో మెరుపుకే ఒకటి బెదిరి తల వెళ్ళి అద్దానికి ఠక్కున కొట్టుకుంది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తే. దాని మూతి దగ్గర తెల్లగా ఒరుసుకుపోయింది. నాకు తెలియక చేశాను, కానీ దెబ్బ తగిలింది దానికి. చేపకు మనలా రెప్పలు లేవు. చాలా చేపల కంటిపాప వెలుగుకు తగ్గట్టు చిన్నదీ కాదు. చీకటికి అలవాటు పడిన కన్ను వెలుగుకు సర్దుకోవడానికి నిమిషాలు కాదు, అరగంట దాకా పడుతుంది. చీకట్లో ఉన్నట్టుండి మెరిస్తే దానికి దాక్కోవడానికి చోటు కూడా లేదు.

కాబట్టి ఫొటోలకు అరగంట ముందే గదిలో వెలుగు ఉండనివ్వు. ట్యాంకు పైన తెల్ల లైటు ఒకటి వెలుగుతూనే ఉండాలి. పైన చెప్పిన సెట్టింగుల్లో అది ఫొటోలో పడదు కాబట్టి నీకు అడ్డమేమీ కాదు. బటర్ పేపర్ తీసెయ్యకు. రెండు మెరుపుల మధ్య నాలుగైదు సెకన్లు ఆగు. చేపను వలతో వెంబడించి పట్టకుండా, గ్లాసు ముంచి నీళ్ళతో సహా పెట్టెలోకి మార్చు. రెక్కలు ముడుచుకుని అడుగున కూర్చుంటే ఆ రోజుకు దాన్ని వదిలెయ్యి, ఇంకో దాన్ని తియ్యి. పెట్టెలో కడుపుతో ఉన్న ఆడ గప్పీని, కొత్తగా తెచ్చిన చేపను అసలు వేయొద్దు.

ఒక చేపకు ఒక పూటకు ఇరవై ఫొటోలు చాలు. మేత ముందు వేయకు, నీళ్ళు మురికవుతాయి. చివరి ఫొటో అయ్యాక దాన్ని దాని ట్యాంకులో వదిలి, పది నిమిషాలు ఆగి, నాలుగు గింజలు అమ్మనే వేయమను. పైకి వచ్చి తింటే అది బెదరలేదని ఆమే చూస్తుంది. తినకపోతే ఆ పూట ఎక్కువ తీశావని నీకు తెలుస్తుంది.